కంపైలరుతో ఆరేళ్ళు

మన కళాశాల వార్షిక సంచిక రెండు వైపుల నుండి తెరచుకొంటుంది. కుడి నుండి తెరచినవారికి ఉర్దూ విభాగము, ఎడమ నుండి తెరచినవారికి తెలుగు విభాగము. నడుమ ఎక్కడో ఛాయాచిత్రాల పుటల వద్ద రెండూ కలుసుకొంటాయి. మా పరిశోధనను గూర్చి ఒక వ్యాసము వ్రాసి పంపవలసిందని సంపాదకవర్గము వారు కోరినప్పుడు మాకు ఆ నడిమి పుటలే జ్ఞాపకము వచ్చినవి. మేము ఆరు సంవత్సరాలు కూర్చున్న చోటు కూడా అటువంటిదే: ఒక వైపు మనుష్యుడు వ్రాసిన భాష, రెండవ వైపు యంత్రము చదివే భాష.

విషయములోనికి పోవుటకు ముందు, చాలకాలము దాచుకొన్న తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలసి ఉన్నది. మేము ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులలో నోటీసు బోర్డు ప్రకటనలు ముందు ఉర్దూలో వెలువడేవి. తెలుగు వ్రాయగల గుమాస్తా సెలవులో ఉన్నప్పుడు, రెండు భాషలూ వచ్చిన విద్యార్థిని ఎవరినైనా పిలిచి తెలుగులో వ్రాయించేవారు. ఒక సాయంకాలము ఆ పని మాకు పడినది. చీటీలో నాలుగే మాటలున్నవి: "కల్ కా ఇమ్తిహాన్ మన్సూఖ్." మేము గర్వముగా "రేపటి పరీక్ష రద్దు" అని వ్రాసి అంటించి ఇంటికి పోయినాము. ఉర్దూలో "కల్" అనగా రేపు. నిన్న కూడా "కల్" యే. వాక్యములో క్రియ ఉన్నచో ఏది అన్నది తేలిపోయేది. ఆ చీటీలో క్రియ లేదు. రద్దయినది ప్రశ్నపత్రములో పొరపాటు దొర్లిన నిన్నటి లెక్కల పరీక్ష. మరునాడు భౌతికశాస్త్ర పరీక్షకు తెలుగు మాధ్యమము వారిలో సగము మంది రాలేదు. వారికి మరల పరీక్ష పెట్టవలసి వచ్చినది. మమ్ములను ఎవరూ దండించలేదు. ఉర్దూ మాస్టారు మాత్రము "పూఛ్ లేనా థా, బేటా" అన్నారు. అడిగి ఉండవలసినది, నాయనా, అని.

కంపైలరు అనునది కూడా ఇటువంటి అనువాదకుడే. మనము సి వంటి భాషలో ప్రోగ్రాము వ్రాస్తాము. యంత్రమునకు ఆ భాష రాదు. దానికి తెలిసినవి కూడుము, తెమ్ము, ఉంచుము వంటి చిన్న ఆజ్ఞలు మాత్రమే. నడుమనుండి మన మాటను ఆ ఆజ్ఞలుగా మార్చునది కంపైలరు. ఊరక మార్చి ఊరుకోదు. అనవసరమని తోచిన పనిని తీసివేస్తుంది, ముందుది వెనుకకు, వెనుకది ముందునకు జరుపుతుంది, అంతయూ వేగము కొరకు. ఒక్క నియమము: బయటికి కనబడే ఫలితము మారరాదు. ఇక మన మాటలో "కల్" వంటి సందిగ్ధమున్నచో అది మా వలెనే తనకు తోచిన అర్థము తీసుకొంటుంది, అడుగదు. సి భాషా ప్రమాణములో ఇట్టి తావులు ఎన్నో ఉన్నవి. గుర్తు గల పూర్ణాంకము తన పరిమితిని మించి పొంగినప్పుడు ఏమి జరుగునో ఆ ప్రమాణము చెప్పదు. అట్టిది జరుగనే జరుగదని కంపైలరు భావించి తన పని తాను చేసుకొనిపోతుంది.

మా పరిశోధన జి.పి.యు. అను యంత్రముపై జరిగినది. తెరపై బొమ్మలు గీయుటకు పుట్టిన ఈ గణకము, 2007లో ఎన్విడియా సంస్థ క్యుడా అను పద్ధతిని విడుదల చేసిన తరువాత, వాతావరణ గణనము మొదలు నేటి కృత్రిమ మేధ వరకు అన్నిటికీ పనికి వచ్చుచున్నది. దీని స్వభావము ఎన్.సి.సి. కవాతు చూచినవారికి సులభముగా బోధపడుతుంది. ఎన్విడియా యంత్రాలలో 32 మందిని ఒక వరుసగా నిలిపి ఒకే ఆజ్ఞ ఇస్తారు. అందరూ ఒకేసారి అడుగు వేస్తారు. ఆ వరుసలో సగము మంది ఎడమకు, సగము మంది కుడికి తిరుగవలసి వచ్చినచో, ఒక సగము తిరుగునంతవరకు రెండవ సగము నిలిచి ఉండవలసినదే. 2017లో వచ్చిన వి100 అను యంత్రములో ఇటువంటి వరుసలను నడిపించు విభాగాలు 80 ఉన్నవి.

జ్ఞాపకశక్తి, అనగా మెమరీ, నుండి ఒక సంఖ్యను తెప్పించుకొనుటకు ఈ యంత్రమునకు కొన్ని వందల గడియార స్పందనల కాలము పడుతుంది. ఇరానీ హోటలులో మంచి సర్వరు ఒక బల్లవారి చాయ్ వచ్చువరకు వంటింటి కిటికీ వద్ద నిలుచుండడు. ఆలోగా నాలుగు బల్లల ఆర్డరు తీసుకొంటాడు. జి.పి.యు. చేయునది అదే. ఒక వరుస మెమరీ కొరకు వేచి ఉన్నప్పుడు మరియొక వరుసకు పని ఇస్తుంది. ఎన్ని బల్లలున్నచో సర్వరు ఖాళీగా నిలువడు అను ప్రశ్నకు 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రము జవాబు చెబుతుంది: రాక వేగమును వేచియుండు కాలముతో గుణించినచో లోపలనున్నవారి సంఖ్య. వి100 మెమరీ సెకనుకు 900 గిగాబైట్లు ఇవ్వగలదు. వేచియుండు కాలము 400 నానోసెకండ్లు అనుకొన్నచో, ప్రతి క్షణమందును 3,60,000 బైట్లు దారిలో ఉండవలెను. 80 విభాగాలకు పంచగా ఒక్కొక్కదానికి 4,500. అంతకు తక్కువ అడిగిన ప్రోగ్రాము ఎంత గొప్పదైనను యంత్రమును పూర్తిగా వాడుకొనజాలదు.

ఈ విధముగా, ప్రోగ్రామును నడుపకయే అది ఎంత కాలము తీసుకొనునో లెక్కతో చెప్పుటనే పనితీరు నమూనా నిర్మాణము అంటారు. ఇందులో మిక్కిలి ప్రసిద్ధమైనది 2009లో బర్కిలీకి చెందిన విలియమ్స్, వాటర్మన్, పాటర్సన్ ప్రచురించిన "రూఫ్‌లైన్" నమూనా. పేరుకు తగినట్లు అది ఒక ఇంటి కప్పు. ఏ ప్రోగ్రాము వేగమైనా రెండు హద్దులను దాటలేదు: యంత్రము లెక్కలు చేయు వేగము ఒకటి, మెమరీ అంకెలు అందించు వేగము రెండవది. ఒక ఉదాహరణ చూతము. రెండు పట్టికలున్నవి. మొదటి దానిలోని ప్రతి సంఖ్యను ఒక స్థిరాంకముతో గుణించి రెండవ దానికి కలుపవలెను. ఒక్కొక్క సంఖ్యకు లెక్కలు రెండే: ఒక గుణకారము, ఒక కూడిక. కాని రెండు సంఖ్యలు చదివి ఒకటి వ్రాయవలెను. ఒక్కొక్కటి 4 బైట్లు, వెరసి 12 బైట్లు. సెకనుకు 900 గిగాబైట్ల వంతున 150 వందకోట్ల లెక్కలు జరుగుతాయి. యంత్రము చేయగలిగినవో, 15,700 వందకోట్లు. అనగా నూటికి ఒక వంతు కూడా నిండలేదు! లక్షలు పోసి కొన్న యంత్రములో నూటికి 99 వంతులు ఊరక కూర్చున్నది. ఏ ప్రోగ్రామరు ఎంత నేర్పు చూపినను ఈ పనిలో దానిని లేపలేడు. ప్రయోగశాలకు పరికరాలు కొనదలచిన పాలకసంఘము వారు ఈ లెక్కను కాగితముపై ఒకసారి వేసి చూచుట మంచిదని మా అభిప్రాయము.

మొదటి మూడేళ్ళు మేము ఇటువంటి నమూనానే, ఇంకను సూక్ష్మముగా, నిర్మించినాము. చిన్న చిన్న పరీక్షా ప్రోగ్రాములు వ్రాసి, యంత్రముయొక్క ఒక్కొక్క గుణమును కొలిచి, ఆ కొలతలను నమూనాలో పెట్టి, పెద్ద ప్రోగ్రాముల కాలమును ముందుగా చెప్పుట మా పద్ధతి. మా కంటె రెండేళ్ళు చిన్నవాడైన ఒక తమిళ మిత్రుడు మాతో కలసి పనిచేసినాడు. పరీక్షలలో ఒకటి వింతగా ప్రవర్తించినది. నాలుగు పట్టికలను చదివి మొత్తాలు కట్టు ఆ ప్రోగ్రాము, మా లెక్క ప్రకారము, సెకనుకు 1,300 గిగాబైట్లు చదువుచున్నది. హద్దు 900. కప్పు పైన నడచు ప్రోగ్రాము!

అప్పుడు మేము చేసినది చెప్పుకొనుటకు సిగ్గుగా ఉన్నది. యంత్రములో క్యాషె అను చిన్న దగ్గరి నిల్వ ఉన్నది. దాని వలననే ఇంత వేగము వచ్చినదని నిశ్చయించుకొని, నమూనాలో 1.44 అను ఒక సవరణ గుణకమును చేర్చినాము. వి100లో ఆ క్యాషె పరిమాణము 6 మెగాబైట్లు. మా పట్టికలు ఒక్కొక్కటి 256 మెగాబైట్లు. ఇంత పెద్ద పట్టిక అంత చిన్న నిల్వలో ఇమడదని మూడవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. గుణకము చేర్చిన తరువాత అంకెలు చక్కగా కుదిరినవి గనుక మేము అడుగలేదు. వ్యాసము వ్రాసి ఒక సదస్సుకు పంపగా అంగీకరించినారు కూడా. ఇంటికి ఫోను చేసి చెప్పితిమి. అమ్మ ఇరుగుపొరుగు వారికి సేమ్యా ఖీరు పంచినదట.

తుది ప్రతి పంపుటకు పండ్రెండు రోజుల గడువు ఉండగా, చిత్రపటము కొరకు ఆ ప్రోగ్రాము కట్టిన మొత్తాలను ముద్రించదలచి ఒక పంక్తి చేర్చినాము. వెంటనే దాని కాలము ఇంచుమించు రెట్టింపైనది. నాలుగు సంఖ్యలు ముద్రించుటకు అంత కాలము పట్టదు. ఆ రాత్రి కంపైలరు వెలువరించిన యంత్రాజ్ఞలను కాగితముపై దించుకొని ఒక్కొక్కటి చదివినాము. మేము నాలుగు పట్టికలు చదువుమని వ్రాసినాము. ఆజ్ఞలలో ఉన్నవి రెండే. మిగిలిన రెండింటి మొత్తాలను మేము ఎక్కడా వాడలేదు, ఎవరికీ చూపలేదు. చూడనివాని కొరకు పని ఎందుకని కంపైలరు వాటిని చదువుటయే మానివేసినది. అది తన నియమమును అక్షరాల పాటించినది. తప్పు దానిది కాదు. యంత్రము సగము పని చేసినది, మేము పూర్తి పనికి లెక్క కట్టినాము. నిజమైన వేగము 650. మా 1.44 గుణకము ఈ లోకములో దేనినీ కొలువలేదు. అంతకంటె ఘోరమేమనగా, ఇదే అచ్చులో పోసిన పరీక్షలు మరి పదకొండు ఉన్నవి.

తెల్లవారిన తరువాత మిత్రునికి చెప్పినాము. అతనికి ఆ సంవత్సరము విభాగము వారి విద్యార్థివేతనము కొనసాగవలెనన్నచో ప్రచురణ ఒకటి అవసరము. గుణకమును అలాగే ఉంచి, తరువాతి వ్యాసములో సవరించవచ్చును గదా అని అతడు అన్నాడు. ఫలితాలను తనిఖీ చేయువారు ఆ ఆజ్ఞలను చదువరు, ఎవరికీ తెలియదు. అతని మాటలో దుర్బుద్ధి లేదు, భయమున్నది. మాకును అదే భయము. రెండు రోజులు మేము కూడా ఆ మాటనే నెమరువేసినాము. అంకెలు కుదిరినవి గదా, అంకెలు కుదరుటయే నమూనా పని గదా అని. మూడవ నాడు మార్గదర్శకుని గదికి పోయి కాగితములు బల్లపై పరచినాము. ఆయన చాలసేపు చదివి, కళ్ళజోడు తీసి, సదస్సు వారికి ఉత్తరము తానే వ్రాసెదనన్నారు. వ్యాసము ఉపసంహరించబడినది. మిత్రునికి వేతనము ఆగినది. బోధన సహాయకునిగా వారమునకు ఇరవై గంటలు పనిచేసి చదువు నెట్టుకొని వచ్చినాడు. ఐదు నెలలు మాతో మాటలాడలేదు. మేము చేసినది తప్పని ఈనాటికీ తోచదు. కాని దాని మూల్యములో పెద్ద భాగము చెల్లించినది అతడు.

ఆ పిమ్మట మా పరిశోధన దారి మళ్ళినది. కంపైలరు నియమము పాటించినప్పుడే మమ్ములను ఇంతగా మోసపుచ్చగలిగినది గదా, నియమము తప్పినచో తెలుసుకొనుట ఎట్లు? ఇది కొత్త ప్రశ్న కాదు. 2011లో యూటా విశ్వవిద్యాలయము వారు సి-స్మిత్ అను ఉపకరణమును వివరించినారు. అది తనంతట తానే యాదృచ్ఛికముగా సి ప్రోగ్రాములు వ్రాస్తుంది. ఒకే ప్రోగ్రామును పలు కంపైలర్లకు ఇచ్చి, ఫలితములు ఒకదానితో ఒకటి సరిపోలనిచో ఎవరో ఒకరు తప్పు చేసినట్లే. మూడేళ్ళలో 325కు పైగా దోషములు బయటపడినవి. పరీక్షించిన ప్రతి కంపైలరులోను ఏదో ఒక దోషము కనబడినది. ఒక్క ఫ్రాన్సు దేశపు కాంప్‌సెర్ట్‌లో, గ్జావియే లెరువా బృందము గణితముతో నిరూపించిన భాగములో, ఆరు సంవత్సరాల గణక కాలము వెచ్చించినను తప్పు అనువాదము ఒకటియు దొరకలేదు.

సి-స్మిత్ వ్రాయు ప్రోగ్రాములలో "కల్" ఉండరాదు. ఉన్నచో ఇద్దరు అనువాదకులు భిన్నముగా చెప్పినను ఇద్దరూ సరియే, పరీక్షకు అర్థముండదు. ఈ రంగములో శ్రమలో అధికభాగము సందిగ్ధము లేని వాక్యములు వ్రాయుటకే సరిపోతుంది. 2014లో వూ లే, అఫ్షారీ, సూ అనువారు మరియొక యుక్తి కనుగొన్నారు. "వర్షము వచ్చినచో సభ లోపల జరుగును" అని ఒక ప్రకటనలో ఉన్నదనుకొందము. వర్షము రాని దినమున ఆ వాక్యమును కొట్టివేసినను సభ జరుగు చోటు మారరాదు. అట్లే, ఇచ్చిన అంకెలకు ప్రోగ్రాములో ఎన్నడూ నడువని పంక్తులను తీసివేసి మరల అనువదింపజేస్తారు. ఫలితము మారినదా, కంపైలరు పట్టుబడినది. ఈ పద్ధతితో జి.సి.సి., ఎల్.ఎల్.వి.ఎం. అను రెండు కంపైలర్లలో 147 దోషములు నిర్ధారణ అయినవి. 2015లో లండనులోని ఇంపీరియల్ కళాశాల వారు ఈ రెండు పద్ధతులను జి.పి.యు. వంటి యంత్రాల భాషకు వర్తింపజేసి 50కి పైగా దోషములు చూపినారు. అనువాదకుని గాక ఒక్కొక్క అనువాదమును సరిచూడవలెనన్న భావన మాత్రము అంతకు పూర్వమే, 1998లో అమీర్ ప్నుయేలీ సహచరులతో కలసి ప్రతిపాదించినది.

మేము వారి అడుగుజాడలలో జి.పి.యు. ప్రోగ్రాములను పరీక్షించుటకు పూనుకొన్నాము. మొదటి నెలలోనే వందల కొలది భేదములు దొరికినవి. సంతోషము వారము నిలువలేదు. యంత్రములోని 32 బిట్ల సంఖ్యలతో 10 కోట్లకు 1 కలిపి మరల 10 కోట్లు తీసివేసినచో వచ్చునది 1 కాదు, సున్న. అంత పెద్ద సంఖ్యల వద్ద పక్కపక్క సంఖ్యల నడుమ ఎడము 8. ఒకటికి అక్కడ చోటు లేదు. అదే 10 కోట్లలో నుండి 10 కోట్లు ముందు తీసివేసి పిదప 1 కలిపినచో 1 వస్తుంది. వేల మంది కలసి కూడు యంత్రములో ఎవరు ముందు కూడినారన్న దానిని బట్టి మొత్తము మారుతుంది. గుణకారమును కూడికను ఒకే ఆజ్ఞగా చేసినప్పుడు రెండుసార్లు జరుగవలసిన సవరింపు ఒక్కసారే జరిగి, చివరి అంకె మారుతుంది. వీటిలో ఏదియు దోషము కాదు. మరికొన్ని మా పాత ప్రోగ్రాముల తప్పులే: 32 మంది ఎల్లప్పుడు ఒకే అడుగు వేయుదురను నమ్మకముతో వ్రాసినవి. వి100 నుండి ఆ వరుసలోనివారు విడివిడిగా కూడ నడువగలరు; ఆగుమని స్పష్టముగా చెప్పనిచో ఆగరు.

ఇట్లు జల్లెడ పట్టగా పట్టగా, పదునాలుగు నెలల తరువాత, ఒక్క ప్రోగ్రాము మిగిలినది. ఒక సంస్థ వారి కంపైలరు, లూపులోని షరతును వేగము కొరకు బయటికి తీసినప్పుడు, వరుసలో ముందుగా పని ముగించినవారి చివరి ఫలితమును పోగొట్టుచున్నది. ఆ ప్రోగ్రాము 1,400 పంక్తులు. అంత పొడుగు ఫిర్యాదును ఎవరూ చదువరు. కొంత ఉపకరణముతోను, కొంత చేతితోను ఒక్కొక్క పంక్తి తీసివేయుచు, ప్రతిసారి దోషము ఇంకను ఉన్నదా, తగ్గించుటలో మేమే ఒక "కల్" ను సృష్టించలేదు గదా అని చూచుకొనుచు, 19 పంక్తులకు తెచ్చినాము. ఈ తగ్గింపులో మాకు తోడుగా కూర్చున్నది ఆ తమిళ మిత్రుడే. ఒక సాయంకాలము తానుగా వచ్చి కుర్చీ లాగుకొని, తెరవైపు చూచి, "ఏడవ పంక్తి అక్కరలేదు" అన్నాడు. అతడు చెప్పినది నిజము.

ఫిర్యాదు పంపిన నాలుగు నెలలకు దోషము నిజమేనని సంస్థ నుండి జవాబు వచ్చినది. తరువాతి విడుదలలో సవరించినారు. మా సిద్ధాంతవ్యాసములో మొదటి మూడేళ్ళ నమూనా రెండు అధ్యాయములుగా ఉన్నది, పరీక్షలన్నీ క్రొత్తగా వ్రాసి కొలిచిన తరువాత. దాని సగటు దోషము ఉపసంహరించిన వ్యాసములోని దానికంటె ఎక్కువ. మౌఖిక పరీక్షలో ఒక పరీక్షకుడు, ఏల ఎక్కువైనదని అడిగినాడు. 1.44 కథ చెప్పినాము. ఆయన నవ్వలేదు, వ్రాసుకొన్నాడు.

విద్యార్థి మిత్రులు ఈ రంగమునకు రాగోరినచో ఏమి చదువవలెనని అడుగుచు వ్రాయుచున్నారు. కంప్యూటరు నిర్మాణము, సంభావ్యత, తర్కము ముఖ్యము. ఇంగ్లీషు భయపడవలసినంత అవసరము లేదు. ఖరీదైన యంత్రము కూడా తొలుత అక్కరలేదు. పైన చెప్పిన రెండు పట్టికల ప్రోగ్రామును సాధారణ కంప్యూటరుకు తగినట్లు, నలుబది పంక్తులలో వ్రాసి, ప్రయోగశాల అధ్యాపకులకు పంపియున్నాము. ఒకసారి ఫలితమును ముద్రించుచు, ఒకసారి ముద్రించకుండ, కంపైలరు వేగపు మెరుగులు పెట్టి, పెట్టక, నాలుగు విధముల నడిపి కాలములు వ్రాసుకొనండి. అంకెలను మాకు పంపునప్పుడు ఏ కంపైలరో, ఏ నాటిదో తప్పక వ్రాయవలెను. ఉర్దూలో వ్రాసినను సరే, తెలుగులో వ్రాసినను సరే. తేదీని మాత్రము అంకెలలో వేయండి.